వరద గురించి మొదలుపెట్టాలా, కరెంటు బిల్లు గురించి మొదలుపెట్టాలా? మా ఊరి సమాఖ్య మీటింగుకు సలహా కావాలి

లంకటీచర్ (రాజోలు వైపు):

అందరికీ నమస్కారమండి. నేను రాజోలు దగ్గర జడ్పీ హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. ఏటా డిసెంబరు 14న ఇంధన పొదుపు దినం, ఆ వారమంతా కార్యక్రమాలు ఉంటాయి. ర్యాలీ, వ్యాసరచన, బొమ్మల పోటీ. పిల్లలు ఉత్సాహంగానే చేస్తారు. ఈసారి గ్రామ సమాఖ్య, అంటే మహిళా పొదుపు సంఘాల వాళ్ళు కబురు పెట్టారు, మా మీటింగులో కూడా ఓ గంట మాట్లాడండి మేడమ్ అని. వెంటనే సరేనన్నాను. అప్పటినుంచీ ఏం చెప్పాలా అన్న టెన్షన్ పట్టుకుంది.

ఆ హాల్లో కూర్చునేవాళ్ళెవరో నాకు తెలుసు. 1996 నవంబరు తుఫానులో ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళు ఉంటారు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర నీరు 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు పిల్లల్ని, పశువుల్ని తీసుకుని ఏటిగట్టు మీద ఉన్నవాళ్ళు ఉంటారు. బోరు నీరు ఉప్పగా మారితే తాగునీటి కోసం ట్యాంకర్ దగ్గర వరసలో నిలబడేవాళ్ళూ ఉంటారు. వాతావరణం తేడాగా ఉందని వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. నాకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, 'అందుకని ఇంట్లో కరెంటు పొదుపు చేయండి' అనే దగ్గర. మా ఊరు ఊరంతా లైట్లు ఆర్పేసి కూర్చున్నా వచ్చే ఏడు గోదారి ఒక్క అంగుళం తగ్గదు. ఈ మాట వాళ్ళకూ తెలుసు. తగ్గుతుందని నేను చెబితే అది అబద్ధం. అంతర్వేది వైపు సముద్రం కోతకు వస్తోందంటే భూమి వేడెక్కడం ఒక్కటే కారణం కాదు, ఎగువన ఆనకట్టలు, జలాశయాలు ఒండ్రుని ఆపేయడం కూడా పెద్ద కారణం. అన్నీ తెచ్చి ఒకే పద్దులో వేయడానికి నాకు మనసొప్పదు. అలాగని 'మీ ఖర్చు తగ్గుతుంది' అని మాత్రమే చెప్పి వాతావరణం ఊసే ఎత్తకుండా వచ్చేయడమూ సరి కాదనిపిస్తోంది.

రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. ఒకటి: 'ఏసీలు వేసుకునేది పట్నం వాళ్ళు, పొగ వదిలేది ఫ్యాక్టరీలు, మా ఒక్క ఫ్యాను ఏం చేసిందండీ?' రెండోది పెద్దవాళ్ళ నుంచి: 'వరదలు మా చిన్నప్పుడు రాలేదా? 86లో వచ్చినంత ఇప్పుడొచ్చిందా?' రెండూ న్యాయమైన ప్రశ్నలే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. 2022 దానికంటే తక్కువే.

ఇలాంటి మీటింగుల్లో మాట్లాడినవాళ్ళు ఎవరైనా ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. నినాదాలు వద్దు, అవి మా బడి గోడ మీద చాలానే ఉన్నాయి.

---

రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్ (పాలకొల్లు):

టీచర్ గారూ, మీరు అడిగింది చాలా మంచి ప్రశ్న. నేను లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. నా సర్వీసంతా ఈ డెల్టాలోనే గడిచింది. స్తంభం ఎక్కినవాడిగా చెబుతున్నాను, మీరు బిల్లు దగ్గరే మొదలుపెట్టండి. వరద దగ్గరికి తర్వాత వెళ్ళొచ్చు, అదీ వాళ్ళు అడిగితే.

మీటింగుకు వచ్చేటప్పుడు ఎవరి బిల్లు వాళ్ళని తెచ్చుకోమని ముందే కబురు పెట్టండి. మన జనంలో చాలామంది బిల్లు మీద చివర ఉన్న మొత్తం ఒక్కటే చూస్తారు. స్లాబులు ఎలా లెక్క వేస్తారో వాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. మొదటి 30 యూనిట్లకు రూపాయి 90 పైసలు. 31 నుంచి 75 వరకు 3 రూపాయలు. 125 వరకు నాలుగున్నర, 225 వరకు 6, ఆ పైన 400 వరకు 8 రూపాయల 75 పైసలు. మీద స్థిర ఛార్జీ, సర్దుబాటు ఛార్జీ వగైరా. 2022 నుంచి నడుస్తున్న లెక్క ఇది. ఇందులో జనానికి పనికొచ్చే సంగతి ఏమిటంటే, మనం తగ్గించుకునే యూనిట్ ఎప్పుడూ అన్నిటికంటే ఖరీదైన యూనిట్. నెలకు 240 యూనిట్లు కాలే ఇంట్లో 40 తగ్గితే, ఆ నలభైలో పదిహేను 8.75 రేటువి, మిగతావి 6 రూపాయలవి. మొత్తం 281 రూపాయలు మిగులుతాయి. బోర్డు మీద రాసి చూపించండి. హాల్లో ఒక్కరు కూడా పక్కకి చూడరు.

తర్వాత ఫ్యాను. మన దగ్గర ఫ్యాను ఏడాదిలో పది నెలలు తిరుగుతుంది, ఉక్క అలాంటిది. పాతకాలం ఫ్యాను 75 వాట్లు లాగుతుంది. ఇప్పుడొచ్చే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల. రోజుకు 12 గంటలు వేస్తే ఒక్క ఫ్యానుకు నెలకు 16 యూనిట్లు మిగులు. పై లెక్క ప్రకారం 240 యూనిట్ల ఇంటికి అది నెలకు సుమారు 137 రూపాయలు. ఫ్యాను ధర మూడు వేలు అటూ ఇటూ. ఏడాదిలో పది నెలలే తిరిగినా రెండేళ్ళు కాస్త దాటేసరికి డబ్బు తిరిగొస్తుంది. కానీ 60, 70 యూనిట్లు కాల్చే చిన్న ఇంటికి ఈ లెక్క వర్తించదు, వాళ్ళ పై యూనిట్ 3 రూపాయలే కాబట్టి. వాళ్ళను పాత ఫ్యాను తీసి పారేయమని చెప్పకండి. అది పాడైన రోజు కొత్తది కొనేటప్పుడు స్టార్ గుర్తు చూసి కొనమనండి చాలు. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యానుకు స్టార్ లేబుల్ తప్పనిసరి.

బీఎల్‌డీసీలో ఇబ్బందులూ చెప్పండి, దాచొద్దు. లోపల సర్క్యూట్ బోర్డు ఉంటుంది. పిడుగులు పడ్డప్పుడు, ఓల్టేజీ ఎగసిపడ్డప్పుడు అది పోతే మన ఊరి వైండింగ్ మెకానిక్ బాగుచేయలేడు. వారంటీ కాగితం జాగ్రత్త పెట్టుకోమనండి. రిమోట్ పెద్దవాళ్ళకు కష్టం. గోడ స్విచ్చితో స్పీడు మారే రకాలూ ఉన్నాయి, అవి అడిగి తీసుకోమనండి.

ఇక మీరు ఫిజిక్స్ టీచర్ కాబట్టి మీ చేతిలో ఇంకో ఆయుధం ఉంది. ప్రతి ఇంటి మీటరు మీదా ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటుంది కదా. ఒక యూనిట్‌కి ఎన్నిసార్లు మిణుకుతుందో మీటరు మీదే రాసి ఉంటుంది. ఉదాహరణకు 3200 అని ఉందనుకోండి. అన్నీ ఆపేసి పాత ఫ్యాను ఒక్కటీ వేస్తే నిమిషానికి నాలుగుసార్లు మిణుకుతుంది. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె పెడితే యాభై పైచిలుకు. ఏసీ కంప్రెసర్ 1500 వాట్లు లాగుతుంటే 80. మీ పిల్లలకు హోంవర్క్‌గా ఇవ్వండి, గడియారం పట్టుకుని ఎవరింట్లో వాళ్ళు లెక్కపెట్టి రాసుకురమ్మనండి. ఏ వస్తువు ఎంత తింటోందో అమ్మానాన్నలకు వాళ్ళే చెబుతారు. ఉపన్యాసం కంటే అది బాగా పనిచేస్తుంది.

పొయ్యిలో కట్టె కనిపిస్తుంది, తగ్గుతుంటే తెలుస్తుంది. కరెంటు అలా కాదు, ఎక్కడ కాలుతోందో కనిపించదు. మన రాష్ట్రంలో దానిలో పెద్ద భాగం ఇప్పటికీ బొగ్గుదే. మన దేశపు గ్రిడ్‌లో ఒక్క యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. ఆ 40 యూనిట్లు తగ్గిన ఇల్లు నెలకు 28 కిలోలు తగ్గించినట్టు. బిల్లు లెక్క అయ్యాక ఈ ముక్క ఒక్క వాక్యంలో చెప్పండి. అప్పటికి యూనిట్ అంటే ఏమిటో వాళ్ళకు అర్థమై ఉంటుంది కాబట్టి ఈ మాట గాలికి పోదు.

ఇంకొక్కటి. డిసెంబరులో చెప్పడం బడికి తప్పదు, కానీ పెద్దవాళ్ళకు అది సరైన నెల కాదు. చలికాలం, బిల్లు తక్కువ, ధనుర్మాసం పనులు. మే నెల బిల్లు చేతికొచ్చిన వారంలో మళ్ళీ వెళ్ళండి. 2015లో ఉజాలా పథకం వచ్చాక ఎల్‌ఈడీ బల్బుకి ఊళ్ళకు ఊళ్ళు మారిపోయాయి. ధర తగ్గింది, వెలుగు ఎదురుగా కనిపించింది, బిల్లులో తేడా తెలిసింది. జనానికి పొదుపు అంటే కోపమేమీ లేదు. లెక్క చెప్పే మనిషి కావాలి, అంతే.

---

అమలాపురం అబ్బాయి (ప్రస్తుతం హైదరాబాద్):

పై సార్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మా అమ్మానాన్న అమలాపురం దగ్గర పల్లెలో ఇద్దరే ఉంటారు. బిల్లు తగ్గుతుందని నేను ఎంత చెప్పినా ఫ్యాన్లు మార్చడానికి నాన్న ఒప్పుకోలేదు, ఉన్నవి బాగానే తిరుగుతున్నాయి కదా అని. ఆయన ఒప్పుకుంది వేరే మాటకి.

తుఫాను వస్తే మా వైపు కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. కొబ్బరిచెట్లు తీగల మీద పడతాయి, స్తంభాలు ఒరిగిపోతాయి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, 150 ఏహెచ్ బ్యాటరీ. పాత ఫ్యాన్లు రెండు, లైట్లు కలిపి 180 వాట్లు. తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. బీఎల్‌డీసీ రెండు పెడితే మొత్తం 90 వాట్లు. అదే బ్యాటరీ రెట్టింపు సేపు వస్తుంది. 'నాన్నా, తుఫాను రాత్రి అమ్మకి ఫ్యాను రెండో రోజు కూడా ఉంటుంది' అన్నాను. మర్నాడే మార్పించారు.

మేడమ్, మీ మీటింగులో ఇది చెప్పి చూడండి. వాతావరణం గురించి భయపెట్టకుండా, వరదని మన ఫ్యాను ఆపుతుందని చెప్పకుండా, వరద వచ్చినప్పుడు తక్కువ కరెంటుతో నడిచే వస్తువు ఇంటిని నిలబెడుతుందని చెప్పొచ్చు. అది పూర్తిగా నిజం కూడా.

సోలార్ గురించి ఎవరైనా అడుగుతారు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78 వేల దాకా సబ్సిడీ వస్తుంది. ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. మా ఇంటికి మాత్రం కుదరలేదు. డాబా చుట్టూ కొబ్బరిచెట్లే, మధ్యాహ్నం రెండు దాటితే నీడ. చెట్లు కొట్టేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఎండ బాగా పడే డాబా ఉన్నవాళ్ళకు మాత్రం మంచిదే, గాలివానకు తట్టుకునేలా ఫ్రేమ్ గట్టిగా బిగించుకోవాలి.

---

ఉండి రొయ్యల రైతు:

అందరికీ నమస్కారం. ఇళ్ళ గురించి మాట్లాడుతున్నారు, బాగానే ఉంది. కానీ మా పశ్చిమ డెల్టాలో కరెంటు ఎక్కువ కాలేది ఇళ్ళల్లో కాదండి, చెరువుల మీద. నా రెండెకరాల చెరువుకి రెండు హెచ్‌పీ ఏరేటర్లు (రెక్కలతో నీళ్ళు చిమ్మి గాలి కలిపే యంత్రాలు) నాలుగు ఉన్నాయి. అంటే 6 కిలోవాట్లు. రాత్రి పది గంటలు తిరిగితే 60 యూనిట్లు. ఇన్‌స్పెక్టర్ గారు చెప్పిన ఇంటి నెల మొత్తం కరెంటు నా చెరువుకి నాలుగు రాత్రులు. ఆకివీడు, భీమవరం, ఉండి, కాళ్ళ మండలాల్లో రాత్రిపూట గట్టు మీద నిలబడి చూడండి, కనుచూపు మేర ఏరేటర్ల చప్పుడే.

అలాగని మమ్మల్ని తప్పు పట్టొద్దు. తెల్లవారుజామున నీళ్ళల్లో డీవో, అంటే కరిగి ఉన్న ఆక్సిజన్, పడిపోతుంది. 4 పీపీఎం (లీటరుకు 4 మిల్లీగ్రాములు) కంటే కిందికి వెళితే రొయ్య మేత తినదు, ఇంకా పడితే తేలిపోతుంది. ఒక్క రాత్రి కరెంటు పోయి జనరేటర్ స్టార్ట్ కాకపోతే పంట మొత్తం పోయినట్టే. కాబట్టి మా దగ్గరికి వచ్చి 'ఏరేటర్లు ఆపండి' అంటే గట్టు మీంచే పంపేస్తారు. పైగా సబ్సిడీ ఉన్న చెరువులకి యూనిట్ రూపాయిన్నర. బిల్లు లెక్క ఇక్కడ పారదు.

పారే లెక్క వేరే ఉంది. నేను డీవో మీటరు కొన్నాక పగలు అన్ని ఏరేటర్లూ తిప్పడం మానేశాను. ఎండ ఉన్నప్పుడు నీళ్ళల్లో పచ్చదనమే ఆక్సిజన్ ఇస్తుంది, మీటరులో కనబడుతుంది. అంతకుముందు భయంతో అన్నీ తిప్పేవాళ్ళం. రెక్కలు మరీ లోతుగా మునిగితే మోటారు మీద లోడు పెరిగి వేడెక్కుతుంది, వైండింగ్ కాలుతుంది. తేలే డబ్బా సర్ది మునక తగ్గిస్తే లోడు దిగుతుంది. గేర్‌బాక్సులో ఆయిల్ చూసుకోవాలి. కెపాసిటర్ బిగిస్తే లైన్ మీద భారం తగ్గి, మా ట్రాన్స్‌ఫార్మర్ చివర ఉన్న చెరువులకి కూడా ఓల్టేజీ కాస్త నిలుస్తుంది. మోటారు కాలిపోకపోవడం, జనరేటర్‌కి డీజిల్ తక్కువ అవడం, ఈ రెండూ చెబితే ఏ రైతైనా వింటాడు. పొదుపు అనే మాటే వాడక్కర్లేదు.

వాతావరణం గురించి కూడా మా వాళ్ళతో మాట్లాడొచ్చు, ఇలా. 25 డిగ్రీల మంచినీరు లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టగలదు. అదే నీరు 32 డిగ్రీలకి పోతే 7.3 మాత్రమే. ఉప్పు ఉంటే ఇంకా తక్కువ. ఎండలు పెరిగేకొద్దీ మనం ఇంకో ఏరేటర్ వేయాలి. దానికి ఇంకా కరెంటు, ఆ కరెంటు కోసం ఇంకా బొగ్గు, దాంతో ఇంకా వేడి. ఈ సంగతి రొయ్యల రైతుకి చెబితే వెంటనే పట్టుకుంటాడు, ఎందుకంటే రాత్రంతా చూసేది అదే.

మీ కోనసీమలోనూ చెరువులు పెరిగాయి కదా టీచర్ గారూ. మహిళల మీటింగులో సగం మంది భర్తలు చెరువుల మీదే ఉంటారు. ఈ ముక్క వాళ్ళ చెవిన వేయండి.

---

లంకటీచర్:

మీ అందరికీ చాలా చాలా కృతజ్ఞతలండి. మీటరు లైటు సంగతి చదవగానే మా ఇంట్లో పెట్టి చూశాను. సెట్‌టాప్ బాక్సు రాత్రంతా ఊరికే ఆన్‌లో ఉంటోందని అప్పుడే తెలిసింది.

ఇప్పుడు నాకు దారి కొంత కనిపిస్తోంది. బిల్లు, తర్వాత తుఫాను రాత్రి బ్యాటరీ, ఆ తర్వాత చెరువు. ఫ్యాక్టరీల ప్రశ్న వస్తే ఉండి రైతు గారి లెక్కే చెబుతాను: నిజమే, మన ఇళ్ళది చిన్న వాటా, కానీ ఈ డెల్టాలో చిన్నది కానిది కూడా ఉంది, అది మన చేతిలోనే ఉంది. 86 వరద ప్రశ్నకి నా జవాబు ఇది. వరదలు ఎప్పుడూ ఉన్నాయి. ఫలానా వరద భూమి వేడి వల్లే వచ్చిందని నేను అనను. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచుతుంది. కురిసే రోజున అదంతా ఒక్కసారే దిగుతుంది. కుండపోతలు ఎందుకు పెరుగుతాయో చెప్పడానికి ఈ ఒక్క ముక్క చాలు.

ఇంకొకటి అడగనా? వరి చేల నుంచి మీథేన్ వస్తుందని పాఠంలో ఉంది. అది కూడా ఈ గంటలో చెప్పొచ్చా?

---

దాళ్వా రైతు (ముమ్మిడివరం):

వద్దండి టీచర్ గారూ, ఆ గంటలో కలపొద్దు. చేలో నీళ్ళు నిలవగడితే మీథేన్ వస్తుందన్నది నిజమే. తడిపి ఆరబెట్టే పద్ధతిలో అది బాగా తగ్గుతుంది. చిల్లుల గొట్టం ఒకటి చేలో దిగేసి, నీరు నేలకి ఓ అర అడుగు లోతుకి దిగాక మళ్ళీ పెట్టుకోవడం. మేము దాళ్వాలో (రబీ వరిలో) కొంత చేస్తున్నాం, వంతులవారీగా కాలవ నీళ్ళు వచ్చేటప్పుడు మధ్యలో చేను ఎలాగూ ఆరుతుంది.

కానీ సార్వాలో (ఖరీఫ్‌లో) మాకు నీళ్ళు పెట్టడం సమస్య కాదు, తీయడం సమస్య. డ్రెయిన్లు పూడిపోయి, గుర్రపుడెక్క పట్టి, చేలు వారం రోజులు మునిగి ఉంటాయి. అలాంటప్పుడు 'చేను ఆరబెట్టండి' అని బడి నుంచి ఎవరైనా వచ్చి చెబితే మాకు కడుపు మండుతుంది. మురుగు కాలవ బాగుచేసే పని మొదలయ్యాక ఆ మాట చెప్పండి. అప్పుడు నేనే మీ పక్కన నిలబడి మాట్లాడతాను.

---

రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్ (పాలకొల్లు):

ముమ్మిడివరం రైతు గారు సరిగ్గా చెప్పారు. గంటకి ఒక్క విషయం చాలు.

టీచర్ గారూ, పిల్లలకు మీటరు పని ఇచ్చేముందు రెండు జాగ్రత్తలు. దూరం నుంచి చూసి లెక్కపెట్టడమే, మీటరు పెట్టె ముట్టుకోకూడదు, సీలు జోలికి అసలు పోకూడదు. వానలో, తడి చేతుల్తో ఆ దరిదాపులకే వద్దు. కొన్ని ఇళ్ళల్లో మీటరు బాగా ఎత్తున ఉంటుంది, కుర్చీలెక్కి చూడనివ్వకండి. మీ సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్ ఉంటారు, ఆయన్ని మీటింగుకు పిలవండి. బిల్లు మీద అనుమానాలన్నీ అక్కడే తీరిపోతాయి, తర్వాత కూడా ఊళ్ళో ఉండేది ఆయనే.

ఏసీ ఉన్న ఇళ్ళకు ఒక్క మాట: 2020 నుంచి వచ్చే ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలవుతాయి. దాన్ని 18కి దించడం మానేస్తే చాలు. ఒక్కో డిగ్రీకి సుమారు 6 శాతం కరెంటు తేడా. ఏసీ కొనేటప్పుడు నక్షత్రాలతో పాటు లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు అని ఉన్న అంకె చూడమనండి. అది 1600 గంటల వాడకానికి వేసిన లెక్క. మన ఉక్కలో అంతకంటే ఎక్కువ గంటలు వేస్తే యూనిట్లూ ఆ మేరకు పెరుగుతాయి.

పిల్లలు లెక్కపెట్టిన కాగితాలు ఇక్కడ పెట్టండి. మీటర్ల మీద అంకెలు వేరువేరుగా ఉంటాయి కదా, వాట్లలోకి మార్చడంలో ఎక్కడైనా ఆగితే నేను చూసి చెబుతాను.